ఇసుకనేలపై సరళవనము

ఫ్రాన్సు దేశపు నైరృతి మూలను, జిరోంద్ నది సముద్రమున గలియు చోటు మొదలుకొని అదూర్ నదీముఖము దాక 200 కిలోమీటర్లకు పైబడి తిన్నగా సాగిన అట్లాంటిక్ తీరమును ఆనుకొని, దేశము లోపలికి త్రికోణాకృతిని చొచ్చుకొనిపోయిన గాస్కనీ లాంద్ సీమలో ప్రయాణము చేయువానికి నేడు గంటల తరబడి కనబడునది ఒక్కటే జాతి చెట్టు. వరుసలు దీర్చి నిలిపిన ఈ సరళవృక్షముల వనము ఇంచుమించు 10 లక్షల హెక్టార్లు, అనగా మన లెక్కలో పాతిక లక్షల ఎకరములకు కొంచెము అటుయిటుగా వ్యాపించి, పశ్చిమ యూరోపులో మానవుడు పెంచిన అడవులలో మిక్కిలి పెద్దదని పేరు వడసినది. చూచువారు ఇది సృష్ట్యాది నుండియు ఇట్లే యున్నదని తలచుట సహజము. కాని బొంబాయి ఠాణాల నడుమ మన దేశపు తొలి రైలుబండి నడచిన 1853వ సంవత్సరమున ఈ అడవిలో అధికభాగము ఇంకను పుట్టియుండలేదు. ఒక శాసనము దానిని పుట్టించినది. ఎక్కడనో సముద్రమున కావల జరిగిన యుద్ధమొకటి దానికి ధర తెచ్చినది. ఈ చెట్టు ఇసుకను నిలిపినదని, జ్వరములను తరిమినదని, నిరుపేద సీమను ధనవంతము చేసినదని చరిత్రకారులు పొగడుదురు. ఆ పొగడ్తలో అసత్యము లేదు. అయినను ఆ మేలు ఎవరి పాలబడినదను ప్రశ్న నాకు అంతకంటె ముఖ్యముగా తోచుచున్నది.

వృక్షశాస్త్రజ్ఞులు పైనస్ పినాస్టర్ అని వ్యవహరించు ఈ చెట్టునకు పుట్టినిల్లు మధ్యధరా సముద్రపు పడమటి భాగము. పోర్చుగల్, స్పెయిన్ దేశములందును, దక్షిణ ఫ్రాన్సునందును, కార్సికా ద్వీపమునందును, సముద్రమున కావలి మొరాకో, అల్జీరియా, ట్యునీషియాలయందును ఇది సహజముగా పెరుగును. ఆకులు సూదులవలె నుండి రెండేసి జంటగా పుట్టును; జానెడు దాక పొడవుండి, తక్కిన యూరోపు సరళజాతుల ఆకులకంటె దళసరిగను బిరుసుగను ఉండును. బెరడు ఎఱ్ఱని గోధుమవన్నె గలిగి, వయస్సుతో పలకలు పలకలుగా పగిలి, లోతైన చాళ్లు దేరును. కాయలు శంఖాకృతిని కొమ్మల మొదళ్లయందు గుత్తులుగా పుట్టి, కొన్ని ఏండ్ల తరబడి విచ్చుకొనక చెట్టుననే యుండి, ఎండవేడిమికో కార్చిచ్చు సెగకో రేకులు విప్పి, ఱెక్క గల గింజలను గాలికి వదలును. తల్లివేరు లోతునకు దిగును. ఉప్పుగాలిని సహించును, సారము లేని ఇసుకలో బ్రదుకును, నీడను మాత్రము ఓర్వదు, సున్నపునేలను అసలే ఓర్వదు. ఈ చివరి రెండు గుణములే లాంద్ సీమలో దానికి కలిసివచ్చినవి. అచట సున్నము లేదు, నీడనిచ్చు వేఱొక చెట్టును లేదు.

మన కావ్యములు చదివినవారికి దీని బంధువు చిరపరిచితమే. కుమారసంభవ ప్రథమసర్గమున హిమవంతుని వర్ణించుచు కాళిదాసు, ఏనుగులు చెక్కిళ్ల దురద తీర్చుకొనుటకై ఒరసికొనగా సరళద్రుమములు పాలు స్రవించి కొండచరియలను పరిమళింపజేయునని చెప్పినది హిమాలయమున చిర్ అని పిలువబడు చెట్టును గూర్చియే. ఆధునికులు దానిని మధ్యధరాప్రాంతపు సరళములతో కలిపి ఒకే ఉపవర్గమున జేర్చిరి. కవి చెప్పిన ఆ పాలే మన కథకు మూలద్రవ్యము. సరళవృక్షము కొయ్యలో సన్నని నాళములు నిలువునను అడ్డముగను అల్లుకొనియుండును. చెట్టునకు గాయమైనచో వాని గుండ నిర్యాసము ఊరి, గాయమును కప్పి, పురుగును తెగులును లోనికి చొరనీయదు. చెట్టు తన రక్షణకై దాచుకొన్న ఈ జిగురును మానవుడు తన అక్కరకు రప్పించుకొనవలెనన్న మార్గ మొక్కటే కలదు: గాయమును మానకుండ చేయుట.

ఈ జిగురునకు, దానిని కాచి తీసిన కీలునకు గిరాకి చాల ప్రాతది. ఓడల పలకల సందులు పూడ్చుటకు, మోకులకు పూయుటకు, ద్రాక్షాసవము నింపు మట్టిజాడీల లోపలి గోడలు నీరు జిమ్మకుండ చేయుటకు రోమనుల కాలమునుండియు మధ్యధరాప్రాంతమువారు సరళవృక్షమునే నమ్ముకొనిరి. మన పుదుచ్చేరి చెంత అరికమేడున 1945లో వీలర్ త్రవ్వి తీసిన రోమను జాడీల పెంకులు అట్టి ఆసవవాణిజ్యమునకు సాక్ష్యములు. పోర్చుగల్‌లో 13వ శతాబ్ది చివర, 14వ శతాబ్ది మొదట రాజ్యము చేసిన దినిష్ రాజు పేరు లెయిరియా సరళవనముతో ముడివడియున్నది. తీరపు ఇసుకనుండి పొలములను కాపాడుటకు పెంచిన ఆ వనము తరువాతి తరములలో ఓడల కలపకును కీలునకును గని యైనది. 1498లో కళ్లికోటకు వచ్చిన నావల వెనుకనున్న నౌకానిర్మాణమున ఈ చెట్టునకు వాటా లేకపోలేదు. లాంద్ తీరమున సైతము బూష్ అను ప్రాంతమున ప్రాచీనకాలము నుండి కొద్దిపాటి సరళవనములుండి, అచటివారు కీలు కాచి బోర్దో రేవునకు అమ్ముకొనుచుండిరి. తక్కిన సీమ అంతయు బయలు.

ఆ బయలును కొంచెము నిలిచి చూడవలెను. పైన బూడిదవన్నె ఇసుక. మూరెడు రెండుమూరల క్రింద ఇనుపరజను, కుళ్లిన ఆకుల రసము కలిసి గట్టిపడిన అలియోస్ అను పొర. నేల ఇంచుమించు చదునగుటచే శీతకాలపు వానలకు నీరు దిగుటకు త్రోవ లేక, పారుటకు వాలు చాలక, నెలల తరబడి నిలిచియుండును. వేసవిలో అదే నేల మాడిపోవును. పెరుగునది పొదలు, ముండ్లకంప, బిరుసుగడ్డి. ఇట్టి నేలపై జనులు గొఱ్ఱెలను మేపిరి. మాంసము కొరకును ఉన్ని కొరకును మాత్రమే మేపిరని తలచరాదు. వారికి ముఖ్యముగా కావలసినది ఎరువు. రాత్రి దొడ్లలో పడిన పెంటను పోసి, ఇంటి చుట్టునున్న చిన్న చేలలో ఏటేట రై ధాన్యమును పండించుకొనెడివారు. చేను ఎకరమున్నచో దానికి ఎరువునిచ్చు మందకు అనేక రెట్లు బీడు కావలెను. ఆ బీడు గ్రామమంతటికిని ఉమ్మడి. కాగితముపై ఎవరిదైనను కావచ్చును, వాడుకలో ఊరివారందరిది.

గొఱ్ఱెలకాపరులు కాలికి పొడుగు కొయ్యకాళ్లు కట్టుకొని నడచెడివారు. నేలకు మూరన్నర రెండుమూరల ఎత్తున పాదము నిలుపుటకు మెట్టు, మోకాలి క్రింద తోలుపట్టె. చేత మూడవదైన పొడవాటి కఱ్ఱ. నీటమునిగిన బయలును తడియకుండ దాటుటకును, పొదల మీదుగా దూరమునకు మందను కనిపెట్టుటకును ఇంతకంటె చక్కని ఉపాయము ఆ సీమకు లేదు. ఆ మూడవ కఱ్ఱను వెనుక ఊతగా నిలిపి, దానిపై ఆనుకొని కూర్చుండి, చేతులు ఖాళీగా నుండుటచే ఉన్నితో మేజోళ్లు అల్లుచు ప్రొద్దుపుచ్చు కాపరి బొమ్మ 19వ శతాబ్దపు పత్రికలకు వినోదమైనది. 1891లో సిల్వేన్ దోర్నోన్ అను అర్కషోన్ వాస్తవ్యుడు, రొట్టెలు కాల్చు వృత్తివాడు, కొయ్యకాళ్లపై పారిస్ నుండి మాస్కో దాక నడచి పేరు పొందెను. అప్పటికి అసలు కాపరులు కనుమరుగగుచుండుట గమనింపదగినది. వృత్తి పోయిన పిమ్మటనే అది ప్రదర్శనకు యోగ్యమగును గాబోలు.

ఆ జీవితమును బంగారుకాలముగా వర్ణించుట న్యాయము గాదు. నిలువనీటి వలన చలిజ్వరములు ఎడతెగక యుండెడివి. లా తెస్త్ గ్రామపు వైద్యుడు ఝాన్ అమో 1829లో ఆ సీమ బీదలయందు తాను చూచిన ఒక చర్మవ్యాధిని వర్ణించెను. అది మొక్కజొన్నయే ముఖ్యాహారముగా బ్రతుకువారికి వచ్చు పెల్లగ్రా యని తరువాత తేలినది. నగరముల నుండి వచ్చిన అధికారులు ఈ బీడును, ఈ జ్వరమును, ఈ కొయ్యకాళ్లను జూచి, ఫ్రాన్సు నడుమ ఒక ఎడారి యున్నదని వ్రాసిరి. ఎడారి యన్న మాట పడిన తరువాత దానిని బాగుచేయు హక్కు తమకు గలదని వారికి తోచుట ఆశ్చర్యము గాదు.

మొదటి యత్నము తీరమున జరిగినది. సముద్రపుగాలికి ఇసుకతిన్నెలు ఏటేట లోపలికి జరిగి చేలను, చెరువులను, ఊళ్లను మ్రింగుచుండెను. సూలాక్ గ్రామపు ప్రాచీనమైన పెద్ద చర్చి 18వ శతాబ్దిలో ఇసుకపాలై పాడుపడి, మఱి నూఱేండ్లకు గాని త్రవ్వి తీయబడలేదు. బోర్దోలో రహదారులు వంతెనల శాఖకు ప్రధానుడైన నికొలా బ్రెమోంతియే 1787 ప్రాంతమున లా తెస్త్ చెంత సరళపు గింజలను ముండ్లపొదల గింజలతో కలిపి చల్లించి, పైన కొమ్మలు పఱపించి, గాలి ఇసుకను లేపకుండ చేసెను. కొమ్మల చాటున పొదలు ముందు లేచును, పొదల చాటున సరళపు మొలక నిలుచును. మొలక చెట్టైన నాటికి పొద నీడకు చచ్చును. ఉపాయమంతయు ఇంతే. ఈ ఉపాయమును ఆయనకు ముందే దెబియె సోదరులు మున్నగువారు ప్రయోగించి చూచిరి గాని, కీర్తి మాత్రము ప్రభుత్వోద్యోగిని వరించెను. 1801లో ప్రభుత్వము ఆ పనిని తన భుజములపై వేసికొనగా, 19వ శతాబ్ది మూడవ పాదము ముగియునప్పటికి తీరపు తిన్నెలు చాలవఱకు కదలుట మానెను. పిలా తిన్నె మాత్రము ఎవరి మాటయు వినలేదు. నూఱు మీటర్లకు మించిన ఎత్తుతో యూరోపులోకెల్ల పెద్దదైన ఆ ఇసుకకొండ తన వెనుకనున్న సరళములను ఇప్పటికిని ఒక్కొక్కటిగా పూడ్చుచునే యున్నది.

తీరపు వనములకు ఎవరును అడ్డుచెప్పలేదు. ఇసుక అందరికిని శత్రువు. లోపలి బీళ్ల సంగతి వేఱు. షాంబ్రెలాం అను యువ ఇంజనీరు 1849లో సెస్తా గ్రామమున 500 హెక్టార్ల బీడు కొని, ఆ నేలకు వాలు బొత్తిగా లేదనుట పొరపాటనియు, ఉన్న అత్యల్పమైన వాలును అనుసరించి లోతులేని కాలువలే త్రవ్వినను నీరు పారిపోవుననియు నిరూపించి, ఆరిన నేలపై సరళపు గింజలు చల్లి, ఆ చెట్లను 1855లో పారిస్ మహాప్రదర్శనమున చూపెను. రెండేండ్లకు, 1857 జూన్ 19న, మూడవ నెపోలియన్ ప్రభుత్వము ఒక శాసనము చేసెను. జిరోంద్, లాంద్ జిల్లాలలోని గ్రామములు తమ ఉమ్మడి బీళ్లలో నీరు తీసి, చెట్లు పెంచి తీరవలెను. అంత శక్తి లేని గ్రామములకు బదులుగా ప్రభుత్వమే ఆ పని చేసి, ఖర్చును ఫలసాయమునుండి రాబట్టుకొనును. గ్రామములకు డబ్బెక్కడిది? అందుచే బీళ్లలో పెద్దభాగములను అమ్మి, ఆ సొమ్ముతో మిగిలినదానికి కాలువలు త్రవ్విరి. కొన్నవారు బోర్దో వర్తకులు, నోటరీలు, వైద్యులు, ఊరి మోతుబరులు. చక్రవర్తి తానును 7000 హెక్టార్లకు పైబడిన భూమిని కొని, తన ఇటలీ యుద్ధవిజయము పేర సోల్ఫెరీనో అను ఆదర్శగ్రామమును కట్టించెను.

శాసనము మంచిదా చెడ్డదా యని విమర్శకులు వాదించుకొందురు. నా మట్టుకు, నీరు తీయుటయందును చెట్టు పెంచుటయందును దోషము కానరాదు. ఉమ్మడిగానున్నది అమ్మకపు సరుకగుటయే అసలు సంగతి. మంద తిరుగు బీటిపై మొలకలు లేచినచో మందకు త్రోవ లేదు. మంద లేనిచో ఎరువు లేదు. ఎరువు లేనిచో రై పంట లేదు. ఒక్క కొసను లాగగా అల్లిక యంతయు విడిపోయినది. కాపరులు కొందఱు కడుపుమంటతో లేతవనములకు నిప్పు పెట్టిరి. లక్షల సంఖ్యనున్న గొఱ్ఱెలు రెండు తరములలో చాలవఱకు తరిగిపోయెను. లాబుయేర్ గ్రామమున 1844లో పుట్టిన ఫెలిక్స్ ఆర్నోదాన్ అను గృహస్థుడు, ఉద్యోగము సద్యోగము లేక, ఛాయాగ్రహణయంత్రమును వీపున మోసికొని, చెఱువులు, దొడ్లు, ఒంటరి బావులు, కొయ్యకాళ్ల కాపరులు, ముసలివాండ్ర మొగములు వేలకొలది పలకలపై పట్టి, పాటలను, కథలను, సామెతలను వారి నోట విని వ్రాసికొని తిరిగెను. ఊరివారు ఆయనను పిచ్చివాడనిరి. పాత సీమను గూర్చి నేడు మనకు తెలిసినదానిలో పెద్దపాలు ఆ పిచ్చివాని చలువయే.

కొత్త వనమునకు ధర వచ్చుటకు కారణము అట్లాంటిక్ ఆవలి ఒడ్డున కలిగినది. అమెరికా దక్షిణరాష్ట్రములే అప్పుడు ప్రపంచమునకు టర్పెంటైన్, రోజిన్ సరఫరా చేయుచుండెను. 1861లో అచట అంతర్యుద్ధము పుట్టి, ఉత్తరమువారు దక్షిణపు రేవులను దిగ్బంధము చేయగా, యూరోపు విపణిలో సరుకు కరవై ధరలు కొన్ని రెట్లు పెరిగెను. 1865 దాక సాగిన ఆ నాలుగేండ్లలో బీడు కొని గింజలు చల్లినవారు ధనికులైరి, చల్లనివారు చల్లుటకు పరుగెత్తిరి. శాసనము చేయలేని తొందర ధర చేసినది.

జిగురు తీయు విధానమును సైతము ఆ దినములే మార్చినవి. పూర్వము చెట్టు మొదట ఇసుకలో గుంట త్రవ్వి, పైనుండి కారిన జిగురును అందులోనికి పారనిచ్చెడివారు. చెట్టుపొడుగునా కారివచ్చుటలో టర్పెంటైన్ ఎండకు ఆవిరియైపోవును. మిగిలినది ఇసుక, పొట్టు, పురుగులతో కలిసి మురికియగును. పియేర్ యూగ్ అను బోర్దో ప్రాంతపు మనిషి 1844లో ఒక చిన్న మట్టిముంతకును, జిగురును దానిలోనికి మళ్లించు వంపు రేకునకును హక్కుపత్రము పుచ్చుకొనెను. గీత పైకి పోయినకొలది ముంతను రేకును పైకి జరుపవచ్చును; గాయమునకును ముంతకును నడుమ దూరము ఎన్నడును ఎక్కువ కాదు; సరుకు తెల్లగా, తేటగా దక్కును. ఇంత సులభమైన సంగతిని భూస్వాములు ఇరువదేండ్లు పట్టించుకొనలేదు. యూగ్ 1850లో చనిపోయెను. ధరలు పెరిగిన తరువాత ముంత ప్రతి చెట్టునకు ఎక్కినది. ఆ మట్టిముంతలు నేటికిని వేసవి విహారులకు సంతలలో పూలకుండీలుగా అమ్ముడుపోవుచున్నవి.

తాటిచెట్టునకు గీత గీసి లొట్టి కట్టు మన గీతకార్మికుని పని నెఱిగినవారికి లాంద్ గీతగాని పని తీరు స్థూలముగా బోధపడును. అతడు తలకెక్కి మొవ్వుచెంత గీయును, ఇతడు నేలనుండి మొదలుపెట్టి మ్రానుపైననే గీయును. ముప్పదేండ్ల ఈడు వచ్చి, మ్రాను చుట్టుకొలత మీటరు దాటిన చెట్టు గీతకు వచ్చినట్లు. జనవరి ఫిబ్రవరి నెలలలో గీతగాడు గీయదలచిన పార్శ్వమున బెరడు పైపొరను చెక్కి నునుపు చేయును. రేకును కొట్టి బిగించి, దాని క్రింద మేకుపై ముంత నానించును. మార్చిలో మొదటి గీత పడును. పనిముట్టు పేరు హప్చోట్. అది పొడవాటి పిడి గల చిన్న గొడ్డలియే గాని, అంచు ఒక ప్రక్కకు వంపు దిరిగి, మంగలికత్తి వలె పదునుగా నుండును. దానిని పైనుండి క్రిందికి, కొంచెము ఏటవాలుగా, మణికట్టు బలముతో లాగినపుడు కొయ్యనుండి పలుచని పేడు లేచివచ్చును. అరచేతి వెడల్పున, సెంటీమీటరు లోతునకు మించని తెల్లని కోత కనబడును. నిమిషములలో దాని అంచున జిగురు బిందువులు పొడమును. లోతు మించెనా చెట్టు దెబ్బతినును, తగ్గెనా నాళములు తెగవు. వారము దినములకు కోత ఎండి మూతపడుటకు మొదలిడును. అంతలో గీతగాడు మరల వచ్చి, పాతకోత పైన ఇంకొక పేడు తీయును. ఇట్లు అక్టోబరు దాక.

కోత ఏటేట పైకి ప్రాకును. నాలుగైదేండ్లకు అది మనిషికి రెండింతల ఎత్తునకు పోవును; అప్పుడు ఒకే కొయ్యకు మెట్లు చెక్కిన నిచ్చెన చెట్టునకు ఆనించి, ఒక కాలు మెట్టుపై, ఒక కాలు మ్రానునకు చుట్టి, రెండుచేతులతో హప్చోట్ ఆడింపవలెను. తరువాత ఆ ప్రక్కను మాననిచ్చి, వేఱొక ప్రక్క నేలనుండి మరల మొదలిడుదురు. ఇట్లు ఒకే చెట్టు దశాబ్దములు పాలిచ్చును. దీనికి ప్రాణము నిలుపు గీత యని పేరు. కొట్టివేయుటకు నిర్ణయమైన చెట్టునకు చివరి మూడునాలుగేండ్లలో అన్ని ప్రక్కలను ఒక్కసారి గాయము చేసి పిండుకొందురు; దాని పేరు చావుగీత. ఒక్కొక్క గీతగాని వాటాకు కొన్ని వేల చెట్లు. దినమంతయు చెట్టునుండి చెట్టునకు పరుగువంటి నడక. నాలుగైదు గీతల కొకసారి ముంతలు నిండగా వాని ఇల్లాండ్రు, కూతుండ్రు కొయ్యబొక్కెనలు మోసికొని తిరిగి, జిగురును గరిటెతో గీకి నింపి, పీపాలలో పోసెడివారు. సూదియాకుల నడుమ, జూలై ఎండలో, మోచేతుల దాక జిగురంటుకొనిన ఆ స్త్రీల పేరు లెక్కపుస్తకములలో కానరాదు. ఏడాదికి చెట్టొకటి ఇచ్చునది సగటున రెండు కిలోల లోపో పైనో. చలికి గాయముపై తెల్లగా పేరుకొనిన గట్టి జిగురును శరత్తులో గీకుటతో ఆ యేటి పని ముగియును.

బట్టీలో ఆవిరి పట్టగా జిగురునుండి ఐదవవంతు టర్పెంటైన్‌గా బొట్లుబొట్లుగా దిగును. అడుగున మూడింట రెండువంతులకు పైగా రోజిన్ మిగులును. మొదటిది రంగులకు, వార్నీషులకు, బూటుపాలీషునకు, ఒక కాలమున దీపములకు. రెండవది సబ్బునకు, కాగితముపై సిరా పాఱకుండ చేయుటకు, లక్కముద్రలకు. ఫిడేలు కమాను వెండ్రుకలకు రుద్దు ముక్కయు ఇదియే. దక్షిణాదిని ఫిడేలు స్థిరపడిన నాటినుండి మన సంగీతసభలకు ఏదో ఒక సరళవృక్షపు గాయము తోడ్పడుచునే యున్నది. హిమాలయ సానువులయందు బ్రిటిషు అటవీశాఖవారు చిర్ చెట్లకు రేకు బిగించి ముంత కట్టించిన పద్ధతి లాంద్ నుండి పోయినదే. కొయ్య సంగతి సంక్షేపముగా చెప్పిన చాలును: రైలుపట్టాల క్రింది దూలములు, తంతిస్తంభములు, ఇంటి నేలపలకలు. వేల్సు దేశమునుండి బొగ్గు తెచ్చిన ఓడలు తిరుగుప్రయాణమున ఆ బొగ్గుగనులకే ఆసరాకొయ్యలుగా ఈ మ్రాకులను తీసికొనిపోయెడివి. చెట్ల గాలి క్షయకు ఔషధమను నమ్మకముతో 1860 తరువాత అర్కషోన్‌లో సరళముల నడుమ రోగులకై ఒక శీతకాలపు పట్టణమే వెలసినది.

ఇక పంపకము. బీటిపై మందను మేపుకొనినవాని కొడుకు అదే నేలపై పరుల చెట్లకు గీతగాడయ్యెను. ఇల్లు, చిన్నచేను భూస్వామివి. జిగురు వెలలో స్థూలముగా సగము గీతగానిది, సగము యజమానిది. అదిగాక కోళ్లు, వెట్టిదినములు, బండితోలుట. తూకము యజమాని చేత, ధర బట్టీవాని చేత. 20వ శతాబ్దపు మొదటి దశకమున గీతగాండ్రు సంఘములు పెట్టి, పని మానివేసి, వాటా లెక్కను బహిరంగము చేయుమని అడిగిరి. రెండు యుద్ధముల నడుమ మరల అడిగిరి. ఈ భూస్వాముల ఇండ్లలో పుట్టి పెరిగిన ఫ్రాన్స్వా మోరియాక్ 1927లో వెలువరించిన తెరేజ్ దెకేరూ నవలలో హెక్టార్లు కలియుటకై జరుగు వివాహము, చెట్లపై ఆస్తి మమకారము, కార్చిచ్చు భయము చక్కగా పట్టువడినవి. గీతగాని యిల్లు మాత్రము ఆయన కంటికి దూరముననే యుండిపోయినది.

ఒకే జాతి చెట్టు లక్షల ఎకరములు ఎడతెగక నిలిచిన చోట నిప్పునకు అడ్డు ఉండదు. 1949 ఆగస్టులో సోకా చెంత పుట్టిన మంట బోర్దో సమీపమున పెనుజ్వాలయై, 20వ తేదీన గాలి హఠాత్తుగా దిక్కు మార్చగా, ఆర్పబోయిన సైనికులను, గ్రామస్థులను చుట్టుముట్టి 82 మందిని పొట్టనబెట్టుకొనెను. ఇంచుమించు 50,000 హెక్టార్లు బూడిదయ్యెను. ఆ తరువాత దారులు వేసిరి, కావలి గోపురములు కట్టిరి, మొక్కజొన్న పొలములను అడవిమధ్య తెరిపిలుగా వదలిరి. అదే కాలమున గంధకికామ్లము పూసి గాయమును ఎక్కువదినములు తెరచియుంచు విధానము వచ్చి గీతల సంఖ్య తగ్గినది. కాని పని సులువైనను మనుష్యులు నిలువలేదు. పోర్చుగల్ జిగురు, అటుపై చైనా జిగురు చవుకగా వచ్చెను. కాగితపు మిల్లులు కొయ్యను ఉడికించునపుడు టర్పెంటైన్ ఉపఫలముగా లభించెను. పిల్లలు బోర్దోలో కొలువులు చూచుకొనిరి. 1990లో వృత్తిగా గీత ముగిసిపోయినది. సాబ్ర్ గ్రామము చెంత మార్కేజ్ ప్రదర్శనశాలలో చెట్టునకు ముంత కట్టి గీత గీసి చూపుదురు.

చెట్టు ఇప్పుడు జిగురు కొరకు గాక గుజ్జునకు, పలకలకు పెరుగుచున్నది. వరుసలు ఇంకను తిన్ననైనవి, కొట్టు వయస్సు ఇంకను తగ్గినది. 2009 జనవరి 24న వచ్చిన క్లౌస్ తుఫాను ఒక్కపూటలో 4 కోట్ల ఘనమీటర్లకు పైబడిన కలపను నేలగూల్చినది.

ఈ సీమలోనే, 1857 శాసనమునకు లొంగని సరళవనమొకటి కలదు. లా తెస్త్ చెంత, తీరపు పాత తిన్నెలపై మానవుడు నాటక తానై పెరిగిన ఆ అడవిని గూర్చి 1468లో ఆ సీమ ప్రభువు గ్రామస్థులకు వ్రాసియిచ్చిన పత్రము మొదలుకొని పెక్కు ఒడంబడికలు జరిగినవి. వాని సారమిది: చెట్టు కారు జిగురు యజమానిది, ఇల్లు కట్టుకొనుటకు కలప, పొయ్యికి కట్టెలు ఊరివారివి. ఒకే చెట్టు మీద ఇద్దరికి హక్కు. యజమానులు ఈ హక్కును త్రుంచివేయుటకు శతాబ్దముల తరబడి వ్యాజ్యములాడిరి, ఊరివారు విడువలేదు. 2022 జూలైలో పిలా తిన్నె వెనుక అంటుకొనిన మంటకు ఆ అడవిలో అధికభాగము కాలిపోయినది. పాత చెట్లు పోయినను ఒడంబడిక పోలేదు. ఇప్పుడు బూడిదలో లేచుచున్న మొలకలు చెట్లైనపుడు వాని కలపపై లా తెస్త్ వాసులకు 1468 నాటి హక్కే చెల్లును. గీయువాడు లేనందున యజమాని వాటా జిగురునకు మాత్రము విలువ పోయినది.